నాలుగో గడిలో సింహం

మా బోడిమల్లెపల్లెలో మనుషులు పదకొండు వందల చిల్లర, గొర్రెలు మూడు వేల పైమాట, సింహాలు అరవై ఒకటి. మనుషుల లెక్కలోనూ గొర్రెల లెక్కలోనూ పదో పరకో తేడా ఉంటే ఉండొచ్చుగానీ సింహాల లెక్కలో తేడా లేదు. అది సర్కారు లెక్క. నేను కోతలరాయుణ్ణని మా మండలమంతటికీ తెలుసు. మా నాయన కాలంలో గుమ్మడికాయలంత వడగండ్లు పడితే వాటిని కూరొండుకున్నామని ఒకసారి చెప్పినందుకు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతారు. అందుకని ఈ సంగతిలో నా సొంత సరుకు ఏమీ కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు.

మొదలంతా సూదుల దగ్గర. నిరుడు ఎండాకాలం, కుక్కలకు పిచ్చి రాకుండా ఊరూరా సూదులు వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. మంచి పనే, ఎవరూ కాదనలేదు. సూది వెయ్యాలంటే ముందు లెక్క తియ్యాల, లెక్క తియ్యాలంటే ఫారం కావాల. ఫారంలో మొదటి గడి యజమాని పేరు, రెండోది కుక్క పేరు, మూడోది రంగు, నాలుగోది జాతి పేరు.

మా పంచాయతీ కార్యదర్శి హేమావతి నిదానం గల పిల్ల. ఫారాల కట్ట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మూడు గడులు ఇట్టే నిండినాయి. నాలుగో గడి దగ్గరికొచ్చేసరికి ప్రతి గుమ్మంలోనూ తగువే. గొర్రెల కాపరి బీరప్ప ఇంటి ముందర ఆ తగువు నా చెవుల పడింది.

"మీ కుక్కది ఏ జాతన్నా?" అని అడిగింది.

"కుక్క జాతేనమ్మా" అన్నాడు బీరప్ప.

అది కాదు, కుక్కల్లో ఏ జాతి అని ఆ పిల్ల విడమరిచి అడిగింది. బీరప్ప తలగుడ్డ తీసి దులిపి, మళ్ళీ చుట్టుకునేంత సేపు ఆలోచించినాడు.

"మాతోనే తింటాది, మాతోనే పండుకుంటాది. మా జాతేనని రాసుకోమ్మా."

అతని తప్పేం లేదు. మా ఊళ్ళో కుక్కలకు రెండే జాతులు. సంతలో కొని తెచ్చుకున్నది జాతికుక్క, దానంతటది వచ్చినది ఊరకుక్క. జాతికుక్క ఊరంతటికీ ఒకటే, సర్పంచు ఇంట్లో. తెల్లగా, ఏకిన దూదికి కాళ్ళు మొలిచినట్టు ఉంటుంది. దాని జాతి పేరు పమేరియన్ అని సర్పంచు కోడలు అంటుంది. కాదు, పామరేనియన్, అంటే పామరులు పెంచేదని కాంపౌండరు అంటాడు. పామర్రు నుంచి వచ్చింది గాబట్టి ఆ పేరని సర్పంచు తండ్రి అంటాడు. ఎవరెట్లా పిలిచినా అది పలకదు. పిలిస్తే పలక్కపోవడమే జాతి లక్షణమని ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారు.

బీరప్ప కుక్క పిలవక ముందే పలికే రకం. బూడిద రంగులో ఉంటుంది కాబట్టి బూడిదిగాడు. బీరప్పకూ అతని భార్య ఓబులమ్మకూ నూట నలభై గొర్రెలు, అవే పొలం, అవే పంట. గొర్రెలు ఈనే కాలంలో గుట్ట మీది తోడేళ్ళకు మా ఊరి మీద ప్రేమ పుడుతుంది. బూడిదిగాడు దొడ్డి కాసిన మూడేళ్ళలో ఒక్క పిల్లను కూడా పోనివ్వలేదు. దాని చెవి ఒకటి సగమే ఉంటుంది. మిగతా సగం ఏ తోడేలు కడుపులో ఉందో దానికే తెలుసు.

హేమావతి చివరికి అరవై ఒక్క ఫారాల్లో "ఊరకుక్క" అనీ, ఒకదాంట్లో "పమేరియన్" అనీ రాసి పంపింది. సూదులు రాలేదు. ఫారాలు తిరిగి వచ్చినాయి. వాటి వెనకాలే ఒక అధికారి వచ్చినాడు.

ఆయన పేరు పరబ్రహ్మం గారు. జిల్లాలో అప్పుడే కొత్తగా జంతు నామ గౌరవ విభాగం అని ఒకటి పెట్టి, దానికి ఆయన్ను పెద్దను చేసినారు. బడి వరండాలో కుర్చీ వేసి ఊరందరినీ పిలిపించినారు. ఆయన మాట్లాడితే అచ్చేసిన కాగితం మాట్లాడినట్టు ఉంటుంది.

"'ఊర' అను విశేషణము ఒక ప్రాణిని దాని నివాసమును బట్టి న్యూనపరచుచున్నది. 'కుక్క' అను పదము మన సమాజమునందు తిట్టుగా వ్యవహారములో నున్నది. ఒక న్యూనతను, ఒక తిట్టును జతపరచి జాతి నామమని ప్రభుత్వ రికార్డునందు నమోదు చేయుట మిక్కిలి విచారకరము" అన్నారు.

మరి కుక్కను ఏమనాలని ఎవరో అడిగినారు. దానికోసమే నిపుణుల సంఘం మూడు నెలలు కూర్చుందట. శునకం అందామంటే, అర్థం చూస్తే మళ్ళీ కుక్క అనే ఉందట. జాగిలం అందామంటే పోలీసువాళ్ళు ఒప్పుకోలేదట, అది తమ సిబ్బంది హోదా అని. ఆఖరికి నిఘంటువులో గౌరవప్రదమైన పేరు ఒకటి దొరికిందని, దాన్ని పుష్పగుచ్ఛం అందించినట్టు రెండు చేతులా అందించినారు: గ్రామసింహము.

నాకు నవ్వాగలేదు. ఐదో క్లాసుతో ఆగిపోయిన చదువైనా ఆ మాట నాకు బాగా ఎరుకే. బడి ఎగ్గొట్టి వీధులు పట్టి తిరిగినప్పుడల్లా మా అయ్యవారు "రావయ్యా గ్రామసింహమా" అని చెవి పట్టుకునేవాడు. అది వెక్కిరింపు మాట సార్ అని లేచి మనవి చేసుకున్నా. పరబ్రహ్మం గారు నన్ను జాలిగా చూసినారు.

"నిఘంటువు అర్థమును చెప్పును. వెక్కిరింపును చెప్పదు" అన్నారు.

ఆ రోజు నుంచి మా ఊళ్ళో కుక్కలు లేవు. ప్రతి దాని మెడలో "గ్రామసింహం" అని రాసిన రేకు బిళ్ళ వేలాడదీసినారు. సర్పంచు ఇంటి పమేరియన్‌కు మాత్రం బిళ్ళ లేదు, దానికి పుట్టుకతోనే గౌరవం ఉంది గనక. మాట వాడకం నేర్పమని బడికి కూడా ఉత్తర్వు పోయింది. పంతులు ఉద్యోగం కాపాడుకోవాల గదా. పిల్లల చేత కుక్కతోక వంకర అనే సామెతను "గ్రామసింహ వాలము వక్రము" అని ఇరవై సార్లు రాయించినాడు. వానకు దిబ్బ మీద మొలిచే కుక్కగొడుగులు గ్రామసింహ ఛత్రములైనాయి. ఇద్దరు ఆడవాళ్ళు కుళాయి దగ్గర తిట్టుకుంటా "నువ్వొక గ్రామసింహానివి" అనుకుంటే, తిట్టిందో పొగిడిందో తెలియక తగువు మధ్యలోనే ఆగిపోయింది. అంతవరకూ ఆ పేరు వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

తర్వాత ఆ వివరాలన్నీ కంప్యూటరుకెక్కించాల్సి వచ్చింది. అక్కడ రెండు గడులు: ఒకటి ప్రాంతం, ఇంకొకటి జంతువు. హేమావతి "గ్రామసింహం" అని కొడితే అటువంటి జంతువు లేదని కంప్యూటరు మొండికేసింది. ఆ పిల్ల పైకి ఫోను చేసి అడిగింది. మాటను విరగ్గొట్టి వెయ్యమన్నారు. "గ్రామ" ఒక గడిలో, "సింహం" పక్క గడిలో. అట్లా చేస్తే సింహమనే పోతుంది కదా సార్ అని ఆ పిల్ల రెండు సార్లు అడిగిందట. చదివేవాళ్ళు కలుపుకుని చదువుకుంటారులే మేడం అని అవతలి నుంచి జవాబు.

రాజధానిలో కూర్చున్నవాళ్ళకు ఒక గడి చదివే తీరికే ఉండదు, రెండు గడులు కలుపుకునేది ఎక్కడ? అడవిలో తిరిగే సింహం రాష్ట్రం మొత్తం మీద ఒక్కటీ లేదనుకుంటుంటే, ఒక్క పంచాయతీలో అరవై ఒకటి తేలేసరికి అక్కడ మిఠాయిలు పంచుకున్నారని విన్నాం. వారం తిరక్కముందే సింహ రక్షణ దళం అని ఒకటి పుట్టింది. దాని అధికారి జీపు మీద బోను కట్టుకుని మా ఊరికి దిగినాడు. పేరు ఉగ్రనరసింహం. మనిషి మాత్రం చీపురుపుల్ల, మెతక మనిషి.

సింహాలెక్కడ అని అడిగినాడు. మేము చూపించినాం. ఒకటి అరుగు కింద గోక్కుంటా ఉంది, రెండు ఎంగిలాకు కోసం కొట్లాడుకుంటా ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసినాడు. ఇవి కుక్కలు గదా సార్, మీకూ అట్లే కనబడతాండాయి గదా అని సర్పంచు మెల్లిగా అడిగినాడు.

"నా కంటికీ అట్లే ఉన్నాయండీ. కానీ కంటితో చూసి రాసే అధికారం నాకు ఇవ్వలేదు. మెడలో బిళ్ళ చూసి రాయమన్నారు" అన్నాడు ఉగ్రనరసింహం, నిజంగా బాధపడుతూ.

సింహాలు అరవై ఒకటి, తెచ్చిన బోను ఒకటి. అందుకని మనుషులకూ మందలకూ అన్నిటికంటే ఎక్కువ ముప్పు తెచ్చే సింహాన్ని ముందు పట్టుకోవాలని ఆయనకు చెప్పి పంపినారు. ఏది ప్రమాదమో తేల్చుకోలేక ఆయన తల గోక్కుంటుంటే, గుట్ట మీది నుంచి బీరప్ప మంద దిగింది. ముందర బీరప్ప, వెనక నూట నలభై గొర్రెలు, వాటి వెనక నాలుక వేలాడేసుకుని బూడిదిగాడు. ఉగ్రనరసింహం వెంటనే జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు: "గొర్రెల మందను సింహం వెంబడించుచున్నది."

వల వేసి పట్టినారు. బీరప్ప జీపుకు అడ్డం నిలబడినాడు. చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. ఈతల కాలం సార్, ఇది లేకుంటే తోడేళ్ళు పిల్లల్ని ఏరుకుని తింటాయి అని చెప్పుకున్నాడు.

"సింహాన్నే తీసుకుపోతున్నాం. ఇంక తోడేలుకు భయపడతావేందయ్యా" అని ఉగ్రనరసింహం ధైర్యం చెప్పినాడు.

బోనులో ఉన్నంతసేపూ బూడిదిగాడు గొర్రెల వైపే చూస్తా ఉండినాడు. దాన్ని కూడా రాసుకున్నారు: "ఆహారముపై నుండి చూపు మరల్చుట లేదు."

ఆ మొదటి వారంలో బీరప్ప దొడ్డిలో రెండు పిల్లలు పోయినాయి. రెండో వారంలో నాలుగు. ఒక గొర్రె ఈనిన చోటే నిలబడి పిల్ల కోసం రెండు రోజులు అరిచింది. ఓబులమ్మ ముళ్ళకంప తెచ్చి దొడ్డి చుట్టూ రెండు వరసలు వేసింది, డబ్బాలు కట్టి మోగించింది. తోడేళ్ళకు డబ్బాల మోత మూడు రోజుల్లో అలవాటైపోయింది. ఇంకొకరి కుక్కను అడుగుదామంటే ఊళ్ళో సింహాలన్నీ మంచాల కిందా గంపల కిందా దాక్కున్నాయి. ఏ బోను ఎప్పుడొస్తుందో అని ఎవరూ బయటికి వదల్లేదు. ఇట్లా ఇంకో నెల పోతే ఈ ఏటి పిల్లలు ఒక్కటీ మిగలవని బీరప్ప లెక్క. గొర్రెలు అమ్మేసి ఇటుక బట్టీకి పోదామని మొగుడూ పెళ్ళాలు అనుకోవడం నేను విన్నా.

ఇద్దరినీ వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి పోయినా. అక్కడి జంతువుల తోటలో బూడిదిగాడికి ఇనుప ఊచల గది, సిమెంటు గుహ, నీళ్ళ తొట్టి ఏర్పాటు చేసినారు. రోజుకు ఏడు కిలోల మాంసం. బయట బోర్డు: "సింహం – గ్రామ రకం. చేతులు పెట్టరాదు." పక్క గదిలో అసలు సింహం ఉంది, ముసలిది, పళ్ళూడిపోయి నిద్రపోతా ఉంది. దాని బోర్డు మీద "సింహం – సాధారణ రకం" అని రాసినారు. జనమంతా గ్రామ రకం దగ్గరే నిలబడి చూస్తా ఉన్నారు. ఒకాయన తన పిల్లలకు, గ్రామాల్లో తిండి తక్కువ గదా, అందుకే జూలు రాలేదని చెబుతా ఉన్నాడు.

మాంసం ముట్టుకోకుండా గోడకు మొహం పెట్టి పడుకున్న బూడిదిగాడు బీరప్ప గొంతు వినగానే లేచినాడు. ఊచల సందులోంచి మూతి పెట్టి కుయ్యి కుయ్యిమన్నాడు. వెల్లకిలా పడి పొట్ట చూపించినాడు. ఓబులమ్మ చెయ్యి లోపలికి పెట్టి ఆ తెగిన చెవి నిమిరింది. కాపలావాడు అదంతా చూసి, పరుగున పోయి పైవాళ్ళకు చెప్పినాడు. కుక్క అని వాళ్ళకు ఇప్పుడైనా తెలిసిందని మేము సంతోషపడినాం.

నాలుగు రోజులకు బీరప్పకు నోటీసు వచ్చింది. అనుమతి పత్రం లేకుండా సింహాన్ని మచ్చిక చేసినందుకు విచారణకు హాజరు కావలెను. నేరం రుజువైతే మూడేళ్ళు.

విచారణ పరబ్రహ్మం గారి కచేరీలోనే. జాతి పేరు మీద తుది మాట ఆయనదట. ఒక పక్క ఉగ్రనరసింహం, ఒక పక్క రాసుకునే గుమాస్తా, మధ్యలో బోను, బోనులో ముద్దాయి మచ్చిక చేసిన సింహం. మేము గోడవార నిలబడినాం.

నువ్వు చెప్పుకునేదేమిటని బీరప్పను అడిగినారు.

"అది సింహం కాదు సార్. కుక్క."

"ఆ పదము ఈ కార్యాలయమునందు వాడరాదు" అన్నారు పరబ్రహ్మం గారు. గుమాస్తా రాసిన మాట కొట్టేసినాడు.

"మరి అది ఏందో చెప్పాలంటే ఏమనాల సార్?"

"గ్రామసింహమనవలెను."

"అట్లన్నందుకే గదా సార్ సింహమని కట్టేసినారు" అన్నాడు బీరప్ప. అతన్ని కాపాడే మాట తెలుగులో ఒక్కటే ఉంది, ఆ ఒక్కటీ అక్కడ నిషేధం.

అంతలో బూడిదిగాడు అధికారుల్ని చూసి మొరిగినాడు. ఇది ఎట్లా రాయాలని గుమాస్తా అడిగినాడు. గర్జించెను అని రాయమన్నారు. భౌ అంటున్నది కదా సార్ అని ఉగ్రనరసింహమే, పాపం, సాహసించి అన్నాడు. గర్జనయందు ప్రాంతీయ భేదములుండును అని పరబ్రహ్మం గారు సెలవిచ్చినారు.

అప్పటిదాకా వాకిలి దగ్గర గొంతుక్కూచున్న ఓబులమ్మ లేచింది. ఆమె బళ్ళోకి పోయిన మనిషి కాదు.

"సార్, ఆ పేరుకు అర్థమేందో ఇంకొక్కసారి సదివి వినిపిస్తారా? మాకు తలకెక్కలేదు."

ఇంత మంచి ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు. నిఘంటువు తెప్పించి, కళ్ళద్దాలు తుడుచుకుని, గ్రామమునందుండు సింహము గనుక గ్రామసింహము అని విడదీసి విగ్రహవాక్యం చెప్పి, గ్రామము అను పదము లేనిదే ఆ నామము నిలువదని కూడా వివరించినారు.

"ఇప్పుడు మనముండేది ఏ ఊరు సార్?"

"ఇది ఊరు కాదమ్మా. జిల్లా కేంద్రము. నగరము."

"మరి గ్రామంలో ఉండేదాన్ని నగరంలో పెడితే మీరు పెట్టిన పేరు తప్పయిపోదా సార్?"

పరబ్రహ్మం గారు ఒకసారి నిఘంటువును చూసినారు, ఒకసారి బోనును చూసినారు. ఆయన మొహంలో కుక్క మీద జాలి లేదు, బీరప్ప మీద కోపమూ లేదు. తన పేరుకు వచ్చిన ప్రమాదం ఒక్కటే కనబడింది. తర్వాత ఉగ్రనరసింహం వైపు తిరిగినారు. ఒక గ్రామసింహాన్ని గ్రామం పొలిమేర దాటించి, మూడు నెలల నిపుణుల కృషిని అర్థవిహీనం చేసినందుకు సంజాయిషీ అడిగినారు. ఆ జీవిని తక్షణమే స్వగ్రామమునకు చేర్చవలెనని ఉత్తర్వు చెప్పి రాయించినారు. స్వగ్రామమునందు గ్రామసింహము గ్రామస్థులతో స్నేహముగా మెలగుట దాని నామమునకు అనుగుణమే గనుక మచ్చిక కేసు కూడా కొట్టేసినారు. ఓబులమ్మ దండం పెట్టింది. ఆయన ఆ దండం నిఘంటువుకనుకున్నారో ఏమో, దాన్ని కొంచెం ముందుకు జరిపినారు.

అయితే సర్కారు ఇచ్చేది ఏదైనా షరతుల్లేకుండా ఇవ్వదు. సింహానికి రక్షణగా దస్తగిరి అనే గార్డును పంపినారు. సింహాన్ని గొర్రెలకు నూరు గజాల దూరంలో ఉంచాలి. ఏం చేస్తున్నదో వారం వారం రాసి పంపాలి. దస్తగిరి బుద్ధిమంతుడు. టేపు పట్టుకుని నూరు గజాలు కొలిచి, సున్నంతో గీత గీసి, గీతకు ఇవతల బోను తలుపు తీసినాడు. బూడిదిగాడు గీతను చూడనైనా చూడలేదు. ఒక్క ఉరుకున పోయి మందలో పడినాడు. గొర్రెలు ఒక్కొక్కటిగా వచ్చి వాసన చూసి, పక్కకు తప్పుకుని చోటిచ్చినాయి. తెల్లారి చూస్తే దొడ్డి వెనక నేల మీద గోళ్ళ రక్కులూ, పిడికెడు తోడేలు బొచ్చూ ఉన్నాయి. పిల్లలన్నీ ఉన్నాయి. ఓబులమ్మ మూడు సార్లు ఎంచుకుంది.

దస్తగిరి అబద్ధం రాసే మనిషి కాదు. చూసింది చూసినట్టు రాసినాడు: "సింహము గొర్రెల నడుమ పడుకొన్నది. గొర్రెపిల్లలు దాని వీపు మీదికెక్కి దూకుచున్నవి. గొర్రెలకు ఏమాత్రము భయము లేదు." ఇంక వాళ్ళకు చెప్పుకోవడానికేమీ మిగల్లేదు, ఈసారి కథ కంచికి చేరిందని నేనూ నా తుండుగుడ్డ దులుపుకున్నా.

నెల దాటినాక జవాబు వచ్చింది. హేమావతి దాన్ని పట్టుకుని బీరప్ప దొడ్డి దగ్గరికే వచ్చింది, చంకలో నూట నలభై ఖాళీ ఫారాలతో. జవాబు నా చేతిలో పెడితే పైకి చదివినా.

"సింహము ప్రక్కన నిర్భయముగా శయనించునవి గొర్రెలగుట మిక్కిలి సందేహాస్పదము. కావున సదరు జీవులు వాస్తవముగా ఏ జంతువులో విచారించి, సరియైన నామమును వెంటనే తెలియపరచవలసినది."

బీరప్ప అప్పుడే పుట్టిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని మూతి తుడుస్తా ఉన్నాడు. పిల్లను తల్లి దగ్గర వదిలి, చేతులు పంచెకు తుడుచుకుని, గుట్ట వైపు ఒకసారి చూసినాడు.

"పులులని రాసుకోమ్మా" అన్నాడు, నవ్వకుండా. "తోడేళ్ళలో సదువుకున్నవి ఉంటే అవన్నా భయపడతాయి."